వయసు అడిగిన మామూలు

మొన్న ఫోనులో నా కిడ్నీల సంగతి చెప్పగానే మీరిద్దరూ ఒకే మాట అన్నారు. "ఈ వయసులో అది మామూలే మామ్మా, కంగారు పడకు." నాకు ధైర్యం చెప్పడానికే అన్నారని తెలుసు. కానీ ఆ మాట విని విని నాకు ఒళ్ళు మండిపోతోంది పిల్లలూ. ఎందుకో చెప్తాను వినండి.

మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పటి నుంచీ నాకూ, పక్కింట్లో ఉంటున్న మీ పెద్ద మామ్మకూ ఒకటే మందు. అనకాపల్లి బెల్లం మార్కెట్ దారిలో ఉన్న మందుల షాపులో నొప్పి మాత్రల అట్ట ఒకటి కొనేవాళ్ళం. డాక్టరు చీటీ ఏమీ లేదు. ఇంటికొచ్చి అట్టను మధ్యకి కత్తిరించి చెరి ఐదూ తీసుకునేవాళ్ళం. ఒకే ఇంటి కోడళ్ళం కదా. పంపకాల్లో అన్నదమ్ములు పోట్లాడుకున్నారు గానీ, మాత్రల దగ్గర మా ఇద్దరికీ ఏనాడూ తేడా రాలేదు.

కిందటి వేసవిలో కళ్ళు తిరుగుతున్నాయని వెళ్తే డాక్టరు బీపీ చూసి, రక్తానికీ మూత్రానికీ టెస్టులు రాశాడు. కిడ్నీలు సగం పనే చేస్తున్నాయని తేలింది. ఎక్కడా వాపు లేదు, నడుం నొప్పైనా లేదు. "ఇది చప్పుడు చెయ్యకుండా వస్తుందమ్మా. పెద్దవాళ్ళలో చాలామందికి ఉంటుంది, ఉన్నట్టు వాళ్ళకే తెలీదు," అన్నాడాయన. నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగాడు. మా చెరి ఐదు లెక్క చెప్పేశాను. పోయింది ఎలాగూ తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోండి, బీపీ మాత్ర మానకండి, ఉప్పు తగ్గించండి, నొప్పి మాత్ర మాత్రం ముట్టకండి అని చెప్పి పంపాడు.

మర్నాడు పెద్ద మామ్మ గిన్నెడు ఉలవకట్టు పట్టుకొచ్చింది.

"తాగేయే. రాళ్ళన్నీ కరిగిపోతాయి."

"రాళ్ళు కాదక్కా."

"రాళ్ళు కాపోతే కిడ్నీకింకేటొత్తాది?"

"వయసొచ్చింది. దానికి తోడు మన మాత్రలు."

"వయసైతే మామూలే. ఎవులికి లేదు సెప్పు? ఇదిగో, నీ అయిదూ." కత్తిరించిన సగం అట్ట నా చేతిలో పెట్టింది.

నేను గొంతు పెంచే మనిషిని కాను, మీకు తెలుసు. ఆ రోజూ పెంచలేదు. అట్ట తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టేశాను.

"లారీ ఆపిన పోలీసోడికి ఇచ్చీది కూడా మామూలే కదక్కా. అందరూ ఇత్తన్నారని నేనూ ఇచ్చెయ్యాలా? వయసు పళ్ళడిగింది, ఇచ్చేను. మోకాళ్ళడిగింది, ఇచ్చేను. ఇది మాత్రం ఇవ్వను."

"ఓలమ్మో, దీనికెప్పుడొచ్చేయి ఇన్ని మాటలు!"

"నువ్వూ టెస్టు సేయించుకో."

"నాకేటయింది? గుండ్రాయిలాగున్నాను."

"నేనూ అలాగే ఉండీదాన్ని."

ఆవిడకి కోపం వచ్చి పది రోజులు నాతో మాట్లాడలేదు. మాత్ర లేకపోతే నేను మంచమెక్కుతానని ఆవిడ నమ్మకం. నొప్పి లేదని అబద్ధం చెప్పను. పొద్దున్నే లేచేసరికి ప్రాణం పోయినట్టుండేది. వేడినీళ్ళ కాపడం పెట్టుకుని, గోడ పట్టుకుని లేచి, వీధి చివరిదాకా నడిచి వచ్చేదాన్ని. ఆవిడ గుమ్మంలో కూర్చుని రోజూ చూసేది. పదకొండో రోజు నేను తిరిగొచ్చేసరికి చెప్పులేసుకుని నిలబడింది.

"ఎక్కడే ఆ లాబు?"

లాబు మేడమీద, లిఫ్టు లేదు. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాం.

"ఇక్కడికొచ్చీవోళ్ళంతా ముసిలోళ్ళే. మేడమీదెట్టేడేటి సచ్చినోడు!" అని ఆవిడ తిడుతుంటే, లోపల రక్తం తీసే అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆవిడకీ ఉంది, కానీ ఇప్పుడిప్పుడే మొదలైందట. డాక్టరు ఆ మాట చెప్పగానే, "దీనికంటే తక్కువేనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. పెద్దకోడలు కదా.

వచ్చేటప్పుడు నా బీపీ మాత్రల కోసం షాపు దగ్గర ఆగాం. మమ్మల్ని చూడగానే షాపాయన చెయ్యి అలవాటుగా నొప్పి మాత్రల డబ్బా మీదికి వెళ్ళింది.

"మామూలేనా మామ్మగారూ?"

నేను నోరు తెరిచే లోపలే ఆవిడ అందుకుంది. "మామూళ్ళు బందు సేసేం బాబూ. ఈ డాక్టరు సీటీలో ఉన్నవే ఇయ్యి."

మీ నాన్నకి యాభై దాటింది, బీపీ కూడా ఉంది. దగ్గరుండి టెస్టు చేయించండి. ఈ వయసులో ఇవన్నీ మామూలే అంటాడు. వినకండి.