చెల్లెలి చేనుకు నీళ్ళు

ఈ ఉదయం కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని ఫోను తెరిచేసరికి మా చెల్లెలి చేను ఎండిపోయి కనిపించింది. కంగారు పడకండి, అది నిజం చేను కాదు, ఫోనులో ఆడే వ్యవసాయం ఆటలోని చేను. ఆ చెల్లెలు కూడా నా తోడబుట్టినది కాదు, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మొహం చూసి ఎరగను. అయినా ఆ వాడిన మొక్కల్ని చూడగానే నా ప్రాణం చివుక్కుమంది, ఎందుకంటే అవి ఎందుకు ఎండాయో నాకు తెలుసు.

నా ఈడు వాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. నేను ఎ.కొండూరు వైపు ఒక ఊళ్ళో పంతులమ్మగా పనిచేసే రోజుల్లో తిరువూరు నుంచి బస్సులో వెళ్ళివచ్చేదాన్ని. సాయంత్రం బస్సు ఎప్పుడొస్తుందో ఆ డ్రైవరుకే తెలియాలి. అలా రోడ్డు పక్కన నిలబడి కాళ్ళు పీకే వేళ, కాలక్షేపానికని తోటి టీచరమ్మ నా ఫోనులో ఈ ఆట పెట్టి ఇచ్చింది. విత్తనం వేయడం, నీళ్ళు పెట్టడం, కోసుకోవడం, అమ్ముకుని ఇంకో ఎకరం కొనుక్కోవడం, ఇంతే ఆట. పదిమంది కలిసి జట్టు కడితే ఒకరి చేనుకు ఇంకొకరు నీళ్ళు పెట్టవచ్చు. నెమలి అనే ఊరి దగ్గర మా పుట్టింటివాళ్ళకు పత్తి తీతలప్పుడు, ఇవాళ మీ చేలోకి మేము, రేపు మా చేలోకి మీరు అనే పద్ధతి ఉండేది, దానికి లెక్కా పత్రం ఉండేది కాదు. ఆ అలవాటు కొద్దీ నేను ముందు జట్టులో అందరి చేలూ తడిపి, ఆ తర్వాతే నా చేలోకి వెళ్ళేదాన్ని. నా పేరు అక్కడ 'తిరువూరు అక్క'.

ఆ జట్టులోనే పరిచయమైన ఈ చెల్లెలు ఏలూరు అవతల ఎక్కడో పెద్ద సంసారంలో కోడలు. ఇంటిల్లిపాదికీ వడ్డించి, గిన్నెలు కడిగి, తన ముద్ద తాను తిన్నాక దొరికే కాస్త తీరికలో ఆటలోకి వచ్చి, ముందుగా తిన్నావా అక్కా అని రాసేది. నా తోడబుట్టినవాళ్ళు కూడా అంత క్రమం తప్పకుండా అడిగి ఉండరు. నా కంటికి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు కట్టు విప్పేదాకా నా చేను తడారకుండా చూసింది ఆ పిల్లే.

అలాంటిది, పోయిన వేసవిలో ఆ పిల్లకు గర్భసంచి ఆపరేషన్ పడింది. వారం పది రోజులు ఫోను పట్టుకోలేను, నా చేను నీ చేతిలో పెడుతున్నానక్కా అని రాస్తే, నిశ్చింతగా వెళ్ళిరమ్మని రాశాను. రాసింది నేనే, ఈ చేత్తోనే.

ఆ వారంలోనే మా తమ్ముడి కొడుకు తోట మామిడికాయలు తెచ్చి ఇచ్చి, నా ఫోనులోకి తొంగి చూసి నోరు వెళ్ళబెట్టాడు. ఆటలో తొలినాళ్ళలో చేరినవాళ్ళకు మాత్రమే ఇచ్చిన తెల్లగుర్రం ఒకటి నా దగ్గరుంది, ఇప్పుడది ఎంత ఆడినా దొరకదట. ఇలాంటి పాత అకౌంటు కోసం డబ్బులిచ్చేవాళ్ళున్నారు అత్తా, నాకు తెలిసినవాడే విజయవాడలో ఒకడున్నాడు అన్నాడు. నాకు డబ్బు కరువై కాదు సుమండీ. పక్క గదిలో మా ఆయన పేపరు చదువుతున్నారు. ఆ గుడ్డి ఆటేమిటే అని ఏళ్ళ తరబడి దెప్పిన మనిషి. ఎవరో డబ్బిచ్చి కొంటున్నారంటే ఆయన నోరు మూతపడుతుంది కదా అని నాకు ఒక వెర్రి సంబరం.

పైగా తెలివి ఒకటి. మా నాన్న ఎద్దును అమ్మితే, కొనేవాడు నాలుగు రోజులు తోలుకెళ్ళి, అరకకు కట్టి చూసుకుని, నచ్చితేనే బేరం ఖాయం చేసుకునేవాడు. అదే మర్యాద అనుకుని, ఆ విజయవాడ అబ్బాయిని కూడా నాలుగు రోజులు ఆడి చూసుకోనీరా అని పాస్‌వర్డు మేనల్లుడి చేతిలో పెట్టాను. వాడు పడీపడీ నవ్వాడు. ఫలానా చెల్లెలి చేనుకు రోజూ నీళ్ళు పెట్టమని కూడా చెప్పాలనుకున్నాను గాని, ఆ నవ్వు చూశాక ఇంత వయసొచ్చి ఇదేం పిచ్చి అనుకుంటాడని సిగ్గేసి ఊరుకున్నాను. మా నాన్న అలా సిగ్గుపడలేదు. ఎడమవైపు కడితేనే నడుస్తుంది, చీకటి పడ్డాక కొత్తవాళ్ళు దగ్గరికెళితే బెదురుతుంది అని, ఎద్దును తోలుకెళ్ళేవాడి వెంట ఊరి చివరిదాకా నడుస్తూ చెప్పినవాడాయన.

నాలుగో రోజు మేనల్లుడు ఫోను చేసి, ఆ అబ్బాయికి నచ్చింది, తీసుకుంటాడట, కాకపోతే ఎవరో ఒకావిడ రోజూ ఏదో ఒకటి రాస్తోందట, జట్టులోంచి తీసేయమంటావా అని అడుగుతున్నాడు అంటూ ఆ అబ్బాయి పంపిన ఫోటో నాకు పంపాడు. తిన్నావా అక్కా అని ఒకటి. ఒంట్లో బాగోలేదా అక్కా అని ఇంకొకటి. అన్నిటికీ కింద ఇది: "ఈ ఫోను ఎవరు చూస్తున్నారో గానీ, మీకు దణ్ణం పెడతాను. మీ చేను కోస్తున్నారు, నా చేను ఎండిపోయింది. అక్క బతికుంటే నా చేను ఎండనివ్వదు. మా అక్కకు ఏమైందో చెప్పండి బాబూ."

ఫోను పట్టుకోలేనన్న ఆ పిల్ల, ఆసుపత్రి మంచం మీద, కుట్లు మానకముందే, నా కోసం ఫోను పట్టుకుని, నేను పోయాననుకుని ఏడ్చింది. నేనేమో ఇక్కడ నిక్షేపంగా మామిడిపండు రసం పిండుకుంటున్నాను.

బేరం లేదని చెప్పేశాను. మాటిచ్చి తప్పితే నా మొహం ఏం కావాలత్తా అని మేనల్లుడు సణిగాడు. పాపం ఆ విజయవాడ అబ్బాయి మంచివాడు, పేచీ పెట్టకుండా తిరిగి అప్పగించాడు. మా ఆయన ఎగతాళి చేస్తారనుకున్నాను. సంగతంతా విని పేపరు మడిచి, "ముందు ఆ పిల్లకు రాయి" అన్నారు.

రాశాను. ఏదో ఒక అబద్ధం, ఫోను పోయిందనో జ్వరమనో, రాసి ఉంటే సరిపోయేది, చేతులు రాలేదు. అమ్మబోయానమ్మా అని ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. పోన్లే అక్కా, నువ్వు క్షేమంగా ఉన్నావు, అది చాలు అని రాసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పటికీ తిన్నావా అక్కా అని అడుగుతూనే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. మొన్న మాటల్లో, డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు, రెండు మూడు రోజులు అక్కడే ఉండాలట అని రాసింది. చేను చూడమని ఇప్పుడడుగుతుందని, చూస్తాను తల్లీ అనడానికి సిద్ధమై కూర్చున్నాను. అడగలేదు. సరే అక్కా, వెళ్ళొస్తాను అని రాసి వెళ్ళిపోయింది. అడగనిదే ముట్టుకుంటే ఏమనుకుంటుందోనని రెండు రోజులు నేనూ సందేహించాను, ఇదిగో ఈ ఉదయానికి ఇలా ఎండింది.

కాలం మారింది, మనుషుల మొహాలు చూడకుండా సంసారాలు చేస్తున్నాం, పేరూ పాస్‌వర్డూ ఉంటే ఎవరైనా తిరువూరు అక్క కావచ్చు అని చాలాసార్లు వాపోతుంటాను గాని, ఆ మాట అనే హక్కు నాకెక్కడిది? మొహం చూడని ఆ పిల్ల ఎండిన చేనును చూసి ఇది మా అక్క కాదని పోల్చుకుంది. నన్ను ఎవరికైనా ఇచ్చేయవచ్చని అనుకున్నదాన్ని నేనొక్కదాన్నే. కాఫీ చల్లారిపోయింది. మడి మడికీ వెళ్ళి ఆ చేనంతా నీళ్ళు పెట్టాను. ఆటలో అదొక సుఖం, సాయంత్రానికల్లా మొక్కలు లేచి నిలబడతాయి. ఆసుపత్రి నుంచి వచ్చి చూసుకుంటుంది. తిన్నావా అక్కా అని అడుగుతుంది, నీళ్ళు ఎవరు పెట్టారని మాత్రం నన్ను అడగదు.