గీడనేనండీ

మేడ మీద వాటాలో ఉండే సింధు శనివారం సాయంత్రం తన కాన్వాసు బూట్లు ఉతికి, తెల్ల పాలిష్ పూసి, మా వరండా గోడ మీద ఆరబెట్టింది. ఆ తడి సుద్ద వాసన ముక్కుకు తగలగానే చేతిలో చిక్కుడుకాయలు ఎక్కడివక్కడే వదిలేసి కూర్చుండిపోయాను. ఆ పిల్లకు ఆదివారం వస్తే కొండలెక్కే పిచ్చి. “ఆంటీ, మీరూ ఒకప్పుడు తెగ ఎక్కేవారట కదా! అన్నిట్లోకీ మీకు నచ్చిన కొండలేవో చెప్పండి” అంది. నాకు నవ్వొచ్చింది. నడకంటే నాకు పుట్టు బద్ధకం. వీధి చివర కూరగాయల బండి దాకా వెళ్లాలన్నా, పక్కింటివాళ్లు ఎవరైనా అటు వెళుతున్నారేమోనని చూసే మనిషిని. నేనెక్కిన కొండలన్నీ ఒకే ఒక్క మాటకు మోసపోయి ఎక్కినవే. ఆ మాట “గీడనే”. చెప్పింది తారక్క.

తారక్క అంటే తారాబాయి గారు. రాష్ట్రాలు కలిసిన కొన్నేళ్లకు మా వారికి హైదరాబాదు బదిలీ అయితే తెనాలి నుంచి పెట్టేబేడా సర్దుకుని వచ్చాం. నాంపల్లి స్టేషను దగ్గర ఒక సందులో ఆవిడ ఇంట్లోనే మాకో వాటా దొరికింది. తాతల నాటి నుంచీ వాళ్లది ఈ ఊరే. ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే “తీరలే” అనేది, అంతే. ఒంటి మీద నేత చీర, కాళ్లకు మగవాళ్ల కాన్వాసు బూట్లు. సందులో పిల్లలు చూసి నవ్వితే ఆవిడా వాళ్లతో కలిసి నవ్వేది. తను చెప్పబట్టే అదే బడిలో నాకు తెలుగు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. నేను ‘గారు’ అంటే మాత్రం ఊరుకునేది కాదు. “గారు గీరు బళ్లె. ఇంట్ల అక్కా అను, సాలు” అంది.

ఒక ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టి, “జర గుట్టెక్కొద్దాం, వస్తవా?” అంది. ఎంత దూరమక్కా అంటే “గీడనే” అంది. మా తెనాలిలో ఇక్కడే అంటే నాలుగిళ్ల అవతల అని. నేను అంచు చీర కట్టుకుని, పల్చటి చెప్పులేసుకుని, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే కాస్త చూస్తూ ఉండండని మా వారికి చెప్పి బయల్దేరాను. పబ్లిక్ గార్డెన్ గేటు వచ్చింది. ఇంకెంత దూరమక్కా? గీడనే. గార్డెన్ దాటాం. ఇంకెంత? గీడనే. చివరికి నౌబత్ పహాడ్ కింద నిలబెట్టి చెయ్యి పైకి చూపించింది. అమ్మో! ఇప్పుడక్కడ గుడీ మెట్లూ ఉన్నాయి గానీ, అప్పుడు ఒట్టి బండలు, ముళ్లతుప్పలు. సగం ఎక్కేసరికి చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఆవిడ వంశాన్నంతా మనసులో తిట్టుకుంటూ పైకి చేరాను.

నీళ్ల సీసా అందుకోబోతే వెనక్కి లాక్కుంది. “గిది గుట్ట రివాజు. ముందుగాల నీ ఇల్లు చూపెట్టు. తర్వాత నీళ్లు, తిండి.” ఇదేం ఆచారమో అనుకుంటూ పొద్దు పొడిచిన వైపు తిరిగి, “అదిగో, అటే. రైల్లో ఒక రాత్రి” అన్నాను. తారక్క తల అడ్డంగా ఊపింది. “గది మీ నాయన ఇల్లు. పొద్దుగాల పొయ్యి ముట్టిచ్చి వచ్చినవు చూడు, గా ఇల్లేది?” వెతికాను. స్టేషను కప్పు కనబడింది, చెట్లు కనబడ్డాయి, మా ఇల్లు మాత్రం ఎంతకీ దొరకలేదు. “దొరకలేదా? ఫికర్ చెయ్యకు. ఇంకోసారి వద్దాం” అని సీసా నా చేతికిచ్చింది. ఇంటికొచ్చేసరికి పప్పు మాడి సందు మొగదల దాకా వాసన. మా వారు మాత్రం నిశ్చింతగా పేపరు చదువుకుంటున్నారు!

అలా మొదలైంది నా కొండల చదువు. గోల్కొండ, బంజారా హిల్స్ బండలు, ఇంకా పేర్లు మరిచిపోయిన గుట్టలు ఎన్నో. మౌలాలి గుట్ట మెట్ల మీద మాత్రం ఆవిడతో గట్టిగా పోట్లాడాను. సగంలో కూలబడి, “నేనింక రాను. నీ గీడనే పాడుగాను!” అన్నాను. తారక్క కోప్పడలేదు. పక్కన కూర్చుని జామకాయ కోసి, ఉప్పూ కారం అద్ది నా చేతిలో పెట్టింది. “తిట్టు తిట్టు. తిడుతున్నవంటె ఊపిరి మంచిగనే ఆడుతున్నట్టు” అంది. దూరం గురించి అబద్ధమెందుకు చెబుతావని నిలదీశాను. “దూరమంటె నువ్వు గడప దాటవు. గీడనే అంటె కాలు బయట పెడతవు. బయటవడ్డంక ఏదైనా గీడనే కదనే” అంది. జామకాయ తీపిగా ఉంది కాబట్టి ఒప్పుకున్నాను. పైనుంచి మా ఇల్లు కనబడే వీలు లేదు. “దిక్కన్న చూపెట్టు” అంది. హుస్సేన్‌సాగర్ నీళ్ల తళుకు చూసి, దానికి ఎడం పక్కగా చెయ్యి చాపాను. తారక్క నా మోచెయ్యి పట్టుకుని కొంచెం జరిపి, “ఔ, గాడ” అంది. ఎందుకో తెలియదు, బడిలో మార్కులొచ్చిన పిల్లలా పొంగిపోయాను.

తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా రేగిన ఏడు వచ్చింది. బళ్లు మూతపడ్డాయి. గోడల మీద మమ్మల్ని తిరిగి వెళ్లిపొమ్మని రాతలు. మా వైపువాళ్లు ఒక్కొక్కరే సామాన్లు కట్టేసుకుంటున్నారు. మా వారు కూడా గుంటూరుకు బదిలీ కోసం అడిగారు, వస్తుందన్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “నువ్వు కూడా మమ్మల్ని పొమ్మనే అంటావా అక్కా?” అని తారక్కను అడిగేశాను. ఆవిడ నా మొహంలోకి సూటిగా చూసింది. “మా అన్న కొడుకు డిగ్రీ చేసి ఇంట్ల కూసున్నడు. గీడి పిల్లలు నౌకరీలు అడుగుడు తప్పు గాదు. నేను గూడ అడుగుత. నువ్వు గీడ ఉండుడు గూడ తప్పు గాదు. రెండూ నిజమే, నేనేం చెయ్యాలె చెప్పు” అంది. అంత సూటిగా నాతో ఆ రోజుల్లో ఎవరూ మాట్లాడలేదు.

బదిలీ కాగితం చేతికి రాకముందే పరుపులు చుట్టేశాం. గిన్నెలు గోనెసంచుల్లోకి చేరాయి. మర్నాడు లారీ వస్తుందనగా ఆదివారం పొద్దున తారక్క బూట్లేసుకుని తలుపు కొట్టింది. “గుట్టకు పోదాం, నడువు.” నోరు తెరిస్తే నా యాస పట్టించేస్తుందని పాలబూతుకు వెళ్లడం కూడా మానేశానప్పటికి. “నువ్వు నోరు తెరవకు. నేను మాట్లాడుత” అని చెయ్యి పట్టుకుని నడిపించింది. పబ్లిక్ గార్డెన్ గేటు దగ్గర నలుగురైదుగురు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. అందులో ఒకడు ముందుకొచ్చి, నా వైపే చూస్తూ, “ఏ ఊరమ్మా మీది?” అన్నాడు. తారక్క నోరు తెరిచేలోపే భయంతో నా నోట్లోంచి ఊడిపడింది: “గీడనేనండీ!”

అయిపోయింది. ‘గీడనే’కు మా వైపు ‘అండీ’ తోక తగిలించి నన్ను నేనే పట్టిచ్చేశాను. ఆ కుర్రాడు ఒక్క క్షణం బిగుసుకున్నాడు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అందరూ నవ్వేశారు, అతనూ నవ్వాడు. “గీడనేనండీ అంట! పోండమ్మా, ఎండ ముదరకముందే దిగుండ్రి” అని దారిచ్చాడు. తారక్క మలుపు తిరిగేదాకా బిగబట్టి, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. నాకూ ఆగలేదు. ఆ గుట్ట ఎలా ఎక్కానో నాకు తెలియనే తెలియదు.

పైన సీసా మూత తీయకుండానే అడిగింది, “నీ ఇల్లు చూపెట్టు.” వెతకలేదు. చెయ్యి దానంతటదే లేచింది. స్టేషను కప్పు పక్కన వేపచెట్టు, దాని వెనక మా డాబా, దాని మీద నేను పొద్దున ఆరేసిన పసుపు దుప్పటి. చూపిస్తూ చూపిస్తూనే భోరున ఏడ్చేశాను. తారక్క ఓదార్చలేదు, ఉండమనలేదు. నీళ్లు మాత్రం ఇచ్చింది. ఇంటికెళ్లి మా వారి ముందు పరుపు చుట్ట తాడు విప్పడం మొదలుపెట్టాను. “ఏమిటిది?” అన్నారాయన. “నేను రానండీ. నా ఇల్లు కనబడింది” అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో గానీ, రెండో తాడు తనే విప్పారు.

కొన్నేళ్లకు తారక్కకు ఒంట్లో బాగుండక దవాఖానకు తీసుకెళుతుంటే రిక్షా పట్టుకుని వదల్లేదు నేను. “నేనూ వస్తానక్కా” అన్నాను. “ఎందుకే, గీడనే కదా” అంది. ఆ ఒక్కసారే ఆ మాట నేను నమ్మలేదు. ఆవిడ మళ్లీ ఇంటికి రాలేదు.

సింధుకు ఇదంతా చెప్పి, నాకు నచ్చినవి రెండు కొండలు, రెండూ నౌబత్ పహాడే అన్నాను. ఒకసారి ఇల్లు దొరకనిది, ఒకసారి దొరికినది. ఆ తర్వాత సింహాచలం వెళ్లినా, శ్రీశైలం వెళ్లినా టిఫిను మూత తీసే ముందు నాంపల్లి దిక్కుకు చెయ్యి చాపకుండా ముద్ద దిగదు నాకు. పెళ్లిళ్లలో ఎవరో ఒకరు పక్కన కూర్చుని నా మాట విని, “మీదే ఊరండీ?” అంటారు. తెనాలా, గుంటూరా అని ఎదురుచూస్తారు. నేను మాత్రం అప్పటిలాగే చెబుతాను, ఇప్పుడు భయం లేకుండా: “గీడనేనండీ.”