పొణికి కర్రలో వెతికిన ముఖం

సిర్గిట్టిలో ఉంటున్న బాబాయి పోయాడని మా ఆయన డ్యూటీ దిగి వస్తూనే చెప్పారు. నేను వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. చేట పక్కన పెట్టి, ఎప్పుడని అడిగాను.

"పొద్దున్నేనట. పిన్ని టీ పెట్టి లేపితే లేవలేదట" అన్నారు.

పెద్ద జబ్బేమీ లేదు. కొంతకాలంగా తిండి తగ్గింది, మాట తగ్గింది. మనిషి కొంచెం కొంచెంగా తరుగుతూ వచ్చి, ఆ పొద్దున ఇక లేకుండా పోయాడు. ఏడవాలని కూర్చున్నాను గాని ఏడుపు రాలేదు. ఆయన కోసం ఏడవాల్సిందంతా ఆయన బతికుండగానే అయిపోయిందేమో.

బాబాయి మాకు చుట్టం కాడు. రైల్వే కాలనీలో పక్క క్వార్టర్ ఆయన, మా వైపు మనిషే. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి నేను ఈ బిలాస్‌పూర్ వచ్చేటప్పటికి నాకు హిందీ ముక్క రాదు. మా ఆయన గూడ్సు గార్డు. లైన్ మీదికి వెళ్ళారంటే ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు. బుధ్వారీ బజారులో బేరమాడడం పిన్ని నేర్పింది. బొగ్గు పొయ్యి రాజెయ్యడం చేతకాక నేను కళ్ళు తుడుచుకుంటుంటే, గోడ అవతల నుంచి బాబాయి అడిగేవాడు. "ఏటమ్మా, పొయ్యికి ఏడుస్తన్నావా, అమ్మ గుర్తొచ్చిందా?" రెండోదే నిజమని ఆయనకి తెలుసు. ఆ పూట పిన్ని చేత కూర పంపేవాడు.

ఆయన క్యారేజీ షెడ్డులో కార్పెంటర్. రైలు పెట్టెల్లో విరిగిన బెర్తులు, తలుపులు బాగుచేసే పని. వాళ్ళకి ఒక్కతే పాప. నేను వచ్చేసరికి బడికి వెళుతోంది. పిన్నికి నడుం నొప్పిగా ఉన్న రోజుల్లో నేనే దాన్ని ముందు కూర్చోబెట్టుకుని రెండు జడలు వేసేదాన్ని. కుదురుగా కూర్చునేది కాదు. వీధిలో ఏ చప్పుడైనా సరే జడ నా చేతిలో ఉండగానే లేచి పరిగెత్తేది.

నేను వచ్చిన ఏడాదే, వానలు వెనకబట్టే రోజుల్లో, ఆ పాపకి జ్వరం వచ్చింది. మలేరియా మెదడుకి ఎక్కిందన్నారు. ఆసుపత్రికి నడిచి వెళ్ళిన పిల్లని బాబాయి భుజం మీద వేసుకుని తెచ్చాడు. చిన్నపిల్లలని కాల్చరు కదా, అర్పా నది ఒడ్డున ఇసుకలో పెట్టి వచ్చారు. మరుసటి ఏడు ఏటికి నీళ్ళొచ్చి ఆ చోటు కూడా గుర్తు తెలియకుండా పోయింది.

ఫోటో లేదు. తీయించాలని అనుకుంటూనే ఉన్నారు. పరికిణీ కుట్టించాక తీయిద్దామని పిన్ని, కదులుతున్న పన్ను ఊడిపోయి కొత్తది వచ్చాక తీయిద్దామని బాబాయి.

కొన్నాళ్ళకి పిన్ని మా వాకిట్లోకి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడి అంది. "అమ్మాయ్, నాకు పాప ముఖం సరిగ్గా రావట్లేదే. కళ్ళు మూసుకుంటే గౌను వస్తంది, కాళ్ళు వస్తన్నాయి. ముఖం కాడికొచ్చేసరికి చెదిరిపోతంది. కన్నదాన్ని కదా, నాకిలాగవడమేటి?"

గోడ అవతల బాబాయి ఈ మాట విన్నాడు. తన ఊరికి రైలు పాస్ తీసుకుని వెళ్ళి, గోనెసంచిలో కర్ర ముక్కలు పట్టుకొచ్చాడు. అది పొణికి కర్ర.

కొండపల్లి బొమ్మని ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని, ఇంత తేలిగ్గా ఉందేమిటని మీరు అనుకుని ఉంటే, ఆ తేలిక ఈ కర్రదే. ఆముదం కుటుంబానికి చెందిన చెట్టు. కర్ర పాలలా తెల్లగా, గోరు గుచ్చితే దిగేటంత మెత్తగా ఉంటుంది. బాబాయి తాత వాళ్ళ ఊళ్ళో వీధి భాగవతుల వాళ్ళకి ఆ కర్రతోనే కిరీటాలు, భుజకీర్తులు చెక్కేవాడట. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని బాబాయి కూడా కొంత నేర్చుకున్నాడు.

"ఇక్కడ దొరికేదంతా సాలు కర్ర, టేకు. వాటి మీద ఉలి పెడితే మనతో దెబ్బలాడతాయి. ఇది చెప్పినట్టు వింటాది. మనకే చెప్పడం రావాలి" అనేవాడు.

షెడ్డు నుంచి వచ్చి, స్నానం చేసి, వరండాలో కూర్చుని మొదటి బొమ్మ చెక్కాడు. చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి బుగ్గలు నునుపు చేశాడు. సుద్ద పూసి, రంగు వేసి, పిన్ని ముందు పెట్టాడు. పిన్ని చాలాసేపు చూసింది.

"ఇది కాదండి" అంది.

"ఏది కాదు? ముక్కా?"

"తెలదు. ఇది మాత్రం కాదు."

ఆయన రెండోది మొదలుపెట్టాడు. అలా ఏళ్ళు గడిచాయి. ఒక బొమ్మలో ముక్కు కుదిరితే గడ్డం తప్పేది. ఒకటి నిద్రపోతున్నట్టుందని, ఒకటి మరీ పెద్దపిల్లలా ఉందని పిన్ని తోసేసింది. ఒకసారి మాత్రం బొమ్మ చూడగానే ఆవిడ ముఖం వెలిగింది. ఆ పూట బాబాయే దాన్ని చేతిలో తిప్పి చూసి, "లేదే, ఇది నువ్వే. పెళ్ళినాటి నువ్వు" అని పక్కన పెట్టేశాడు.

ఒక మధ్యాహ్నం పిన్ని కాలనీ ఆడవాళ్ళందరినీ పిలిచి అడిగింది. ఎవరికి ఏం గుర్తుంటే అది చెప్పండి అంది. ఎడమ బుగ్గ మీద సొట్ట పడేదని ఒకావిడ. సొట్టా లేదు ఏమీ లేదు, ఆ సొట్ట మా చిన్నదానికి అని ఇంకొకావిడ. కళ్ళు తండ్రివని ఒకరు, కాదు తల్లివని ఒకరు. మాట మాటా పెరిగి, పాప చామనఛాయా ఎరుపా అనే దగ్గర ఇద్దరు పోట్లాడుకున్నారు కూడా. పిన్ని ఒక్కొక్కరి నోటి వైపూ చూస్తూ కూర్చుంది. చివరికి నా వైపు తిరిగింది.

"జడలు వేసీదానివి కదా. నువ్వు చెప్పమ్మా."

నేను ఏం చెప్పను? జడలు వేసేవాళ్ళకి కనిపించేది తల వెనక భాగం. పాపిడి, మెడ మీద నూగు, చెవి వెనక ఒక పుట్టుమచ్చ. అవే గుర్తున్నాయి. అదే చెప్పాను. ఆ పుట్టుమచ్చ సంగతి పిన్నికి తెలీదు. "ఎక్కడ? ఏ చెవి?" అని నా చేత చూపించుకుంది. తర్వాత బొమ్మలన్నిటికీ బాబాయి ఆ మచ్చ పెట్టాడు. సరిగ్గా ఉన్నది అదొక్కటే.

కాదన్న బొమ్మల్ని ఆయన పారెయ్యలేదు. కాలనీలో ఆడపిల్లలకి ఇచ్చేసేవాడు. మా అమ్మాయికీ ఒకటి ఇచ్చాడు. ఏ ఇంటి గుమ్మంలో చూసినా ఒకే పోలిక పిల్ల. చీరపీలికలు చుట్టుకుని, చెయ్యి విరిగి, రంగు వెలిసి పడి ఉండేది. పిన్ని మా ఇళ్ళకి రావడం తగ్గించేసింది.

ఊళ్ళో కొండ మీద పొణికి కూడా అయిపోయింది. బొమ్మలకని, పెట్టెలకని కొట్టి కొట్టి, ఇక దొరకట్లేదన్నారు. అప్పుడు బాబాయి విత్తనాలు తెచ్చాడు. అవి రాయిలా గట్టివి, ఒక పట్టాన మొలవవు. నానబెట్టాడు, పేడలో పెట్టాడు, రాతి మీద అరగదీశాడు. అన్నీ చచ్చి ఒక్కటి మొలిచింది. క్వార్టర్ వెనక పెరట్లో నాటాడు.

చెట్టు బాగానే వచ్చింది. అరచేయంత ఆకులు, వెనకవైపు తెల్లటి నూగు. చలికాలం వెళ్ళేసరికి ఆకులన్నీ రాల్చి మోడులా నిలబడేది. ఎన్నేళ్ళయినా కాయ లేదు. ఏం బాబాయ్, గొడ్డుదా అని ఎవరో అడిగారు.

"ఈ జాతిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. ఒక్కదాన్నే తెచ్చి పరాయి దేశంలో పెడితే ఏటి కాస్తది?" అన్నాడు.

ఆయన రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. చెట్టు అప్పటికి చెక్కడానికి తగిన లావు అయింది. కొట్టి, ముక్కలు చేసి, నీడలో ఆరబెట్టుకుంటే ఆయన మిగిలిన జీవితానికంతా సరిపోయే కర్ర. గొడ్డలి నూరుకుని పెరట్లోకి వెళ్ళాడు. మా గోడ మీంచి నాకు కనిపిస్తూనే ఉంది. పిన్ని వెళ్ళి చెట్టుకీ ఆయనకీ మధ్య నిలబడింది.

"ఒద్దండి. మనింట్లో పెరిగింది ఇదొక్కటే కదా. పెరగనీండి" అంది.

ఆయన గొడ్డలి గోడకి ఆనించి, లోపలికి వచ్చేశాడు. ఆ వారమే సిర్గిట్టిలో వర్క్‌షాపుల వెనక రెండు గదుల ఇంటికి మారిపోయారు.

తర్వాత క్వార్టర్‌లోకి వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. వాళ్ళని అనడానికేమీ లేదు. కొమ్మలు కరెంటు తీగకి తగులుతున్నాయని వానాకాలంలో చెట్టు కొట్టించారు. మేము పెళ్ళికని ఊరెళ్ళి వచ్చేసరికి మొద్దులన్నీ పెరట్లో వానకి నానుతున్నాయి. పొయ్యిలోకి కూడా పనికిరాదని ఎవరూ ముట్టుకోలేదు. నేను కబురు పంపితే బాబాయి ఆ తడిలోనే సైకిలు మీద వచ్చాడు. వంగి ఒక మొద్దు మీద బొటనవేలు నొక్కాడు. తడిసిన అటుకుల్లోకి దిగినట్టు దిగిపోయింది. లోపలంతా నీలంగా బూజు.

"కొట్టినాక తడవకూడదమ్మా ఇది. నీళ్ళు తాగిందంటే అయిపోయినట్టే" అన్నాడు.

ఆ బురదలోనే మొద్దు మీద కూర్చుండిపోయాడు. కొత్తగా వచ్చినామె గాభరాపడి, "అంకుల్, మాలూమ్ నహీ థా" అని తమకి తెలీదని హిందీలో చెప్పబోయింది. ఆయన ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపి, "అచ్ఛా, అచ్ఛా, కోయీ బాత్ నహీ" అన్నాడు. నరికేటప్పుడు ఒక కొమ్మ మా వరండా రేకు కిందికి పడి ఉంది. అదొక్కటి తడవలేదు. దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బరువే లేనట్టు పట్టుకున్నాడు.

ఆ కొమ్మతో ఆఖరి బొమ్మ చెక్కాడు. ఈసారి పిన్ని చూడగానే, "ఇదేనండి. ఇదే పాప" అంది. మాకు కబురు తెలిసి వెళ్ళి చూశాం. అన్నిటిలాగే ఉంది. ఏమైతేనేం, వాళ్ళ వెతుకులాట తీరిందనుకుని సంతోషించాం. బాబాయి ఆ తర్వాత ఉలి ముట్టలేదు. చలికాలంలో ఎండలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చునేవాడు.

పోయే ముందు నేను ఆయన్ని చూసినది అలా కూర్చున్నప్పుడే. పిన్ని కుళాయి దగ్గరికి వెళ్ళింది. పాప ముఖం దొరికింది కదా బాబాయ్, ఇంక దిగులు దేనికి అన్నాను.

"మీ పిన్ని అబద్ధమాడింది. నాకు తెలదేటి? సరిగ్గా చూడకుండానే ఇదే అనీసింది" అన్నాడు.

"మరి అడగలేదా?"

"అడిగితే నిజం చెప్తాది. నిజం చెప్తే మళ్ళీ చెక్కాలి. కర్ర ఏదమ్మా? చెయ్యి ఏది?"

ఒణుకుతున్న చేతులు నాకు చూపించి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

పాడె లేపేముందు పిన్ని లోపలికి వెళ్ళి ఆ బొమ్మ తెచ్చి, ఆయన చేతి కింద పెట్టింది. ఎవరూ వద్దనలేదు. ఆడవాళ్ళం ఇంట్లోనే ఉండిపోయాం గనక తర్వాతది చూడలేదు. పొణికి వెంటనే అంటుకుంది, అన్నిటికంటే ముందు అదే కాలిపోయింది అని మా ఆయన వచ్చి చెప్పారు.

ఆ సాయంత్రం పిన్ని నా పక్కన గోడకి చేరబడి, నేనేమీ అడగకుండానే చెప్పింది.

"ఎవరి ముఖమో నాకు తెలదమ్మా అది. ఏ ముఖమూ గుర్తు లేదు నాకు. ఎన్నో యేళ్ళయింది. ఆయన కష్టం చూడలేక ఇదే అనీసేను. నిజమని నమ్మే పోయేడు. అదొక్కటే మంచి పని చేసేను."

ఆయనకి తెలుసని నేను చెప్పలేదు.

దినాలు అయ్యాక పిన్ని తమ్ముడు ఊరి నుంచి వచ్చి ఆవిడని తీసుకెళ్ళాడు. నేను స్టేషనుకి వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చోబెట్టి, నీళ్ళ సీసా ఇచ్చి, వెళ్ళాక ఉత్తరం రాయించమన్నాను. తల ఊపింది. తమ్ముడు ఎవరితోనో మాట్లాడుతూ తలుపు దగ్గరే ఉండిపోయాడు. బండి కదిలితే నేను కాస్త దూరం పక్కనే నడిచాను. ఆవిడ నా వైపు చూడలేదు. ఎదురు సీటు ఖాళీగా ఉంది. ప్లాట్‌ఫారం రేకులు దాటుతుంటే ఆ ఖాళీ సీటు మీద ఎండ పడుతోంది, పోతోంది. ఎవరి ముఖమో పోల్చుకుంటున్నట్టు ఆవిడ దాన్నే చూస్తోంది.