బస్సులో చల్లబడిన కాళ్లు

మాది ఆళ్లగడ్డ. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పోయినేడు మా కోడలు రమ్య బ్యాంకు పరీక్ష కోసం ఇంగ్లీషు నుడికారాలూ వాటి అర్థాలూ గట్టిగా వల్లెవేస్తాంటే, పక్కన బియ్యంలో రాళ్లు ఏరుకుంటా వినేదాన్ని.

పరీక్ష రోజు ఇద్దరం బస్సులో నంద్యాలకు పోతాంటిమి. శిరివెళ్ల దాటినాక పిల్ల ముఖం పాలిపోయింది.

"అత్తా, చదివింది ఒక్కటీ గుర్తు రావడం లేదు. నేను దిగిపోతా" అని లేచి నిలబడింది. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ మాదిరుంది. "కాళ్లు కూడా చల్లబడినాయి" అనింది ఏడుపు గొంతుతో.

నాకు చటుక్కున తట్టింది. "కూర్చో మే. భయపడి వెనక్కి తగ్గేదాన్ని ఇంగ్లీషోళ్లు 'కోల్డ్ ఫీట్' అంటారని చదవలా? చల్లటి కాళ్లని!"

రమ్య నోరెళ్లబెట్టింది. "నీకెట్ల గుర్తుందత్తా?"

"రోజూ నా చెవిలో అరిస్తివి గదమ్మీ!"

ఇంక నేను అర్థం చెప్పేది, ఆమె ఇంగ్లీషు మాట చెప్పేది. నంద్యాల వచ్చేసరికి చేతులు వెచ్చబడినాయి. దిగి నేరుగా పరీక్షకు పోయింది.

ఇప్పుడు ఆమె బ్యాంకులో పని చేస్తాంది. నేనింకా బియ్యం ఏరుతానే ఉండా. ఎన్నడూ చూడని ఆ ఇంగ్లీషోళ్ల దేశంలో కూడా భయమేస్తే మన మాదిరే కాళ్లు చల్లబడతాయంట! తలుచుకుంటే ఏరే చెయ్యి ఆగిపోతుంది.