తెల్ల షామియానా కింద ఆన్‌లైన్ మీటింగు

ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గంటసేపు ప్రశాంతంగా మాట్లాడుకోవాలని నేను కొన్ని ఏర్పాట్లు చేశాను. ఆ ఏర్పాట్ల పుణ్యమా అని మా వీధి వీధంతా ఏడ్చింది. ఏదో కళ్లు తడి చేసుకోవడం కాదండీ, గుండెలు బాదుకుని ఏడ్చింది. అది బెంగళూరు దాకా కనబడింది. ఇంతటి ఘనకార్యం ఒంటిచేత్తో చేసినవాణ్ణి మీరు ఇంకొకణ్ణి చూసి ఉండరు కాబట్టి, కాస్త తీరిగ్గా కూర్చోండి, మొదట్నుంచీ చెబుతాను.

మాది జమ్మలమడుగు. మాది అంటే, మా మామది. నేను ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టి, కొట్టును మాత్రం బాగుచేసుకోలేక మూసేసి, మా ఆవిడ పద్మ వాళ్ల నాన్న ఇంట్లో చేరినవాణ్ణి. ఆయన పేరు ఓబులేసు. ఒకప్పుడు గొర్రెల మంద ఉండేది, ఇప్పుడు శనగ సేద్యం. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. వెనక భాగంలో మేముంటాం, వీధివైపు గదుల్ని గండికోట చూడటానికి వచ్చేవాళ్లకు అద్దెకిస్తాం. ఆ గదుల వ్యాపారం నాది. గదులు మామవి.

"శనివారం వస్తారు, ఆదివారం పోతారు. తక్కిన దినాలంతా ఆ గదుల్లో బల్లులు కాపరం చేస్తాండాయి," అన్నాడు మామ ఒకరోజు. "ఈ తూరి శనగలు ఇంటికొచ్చేలోపల గదులు నిండితే సరి. ల్యాకుంటే శనగలతో నింపుతా. శనగలు ఆదివారం సాయంత్రం లేసి పోవు."

శనగ కోతకు ఇంక ఎన్నాళ్లో లేదు. నాకు అన్నం సహించలేదు. అప్పుడే ఫోనులో ఒక వ్యాసం కంటబడింది. ఆఫీసుకు పోకుండా ఎక్కణ్ణుంచైనా పని చేసుకునే ఉద్యోగులు ఇంట్లో కూర్చోలేక కొండలూ కోనలూ వెతుక్కుంటున్నారని, వాళ్లకు మంచి బల్ల, నడుం నొప్పి రాని కుర్చీ, ఆగని ఇంటర్నెట్టు ఉంటే చాలని అందులో రాసుంది. నచ్చితే నెలలకు నెలలు ఉండిపోతారట! ఆ వ్యాసం రాసినవాడు ఎదురుగా ఉంటే కాళ్లు మొక్కేవాణ్ణి. మర్నాడే ప్రొద్దుటూరు పోయి బల్ల, తిరిగే కుర్చీ తెచ్చాను. వైఫై పెట్టించాను. పెన్నా లోయ ఫొటో కింద "మీ ఆఫీసు ఇక్కడే" అని రాసి నెట్లో పెట్టాను.

నిజంగానే ఒకమ్మాయి వచ్చింది. పేరు శ్రావణి, విజయవాడ పిల్ల, బెంగళూరు కంపెనీలో ఉద్యోగం. గది చూసి, కుర్చీలో ఒక చుట్టు తిరిగి, "చాలా బాగుందండీ రమణ గారూ. నాకు కుదిరితే మా టీమంతా వస్తారు. ఒక్కొక్కరూ నెలేసి రోజులు ఉంటారు," అంది. మా మామ శనగలు మూటాముల్లె సర్దుకుని నా గదుల్లోంచి వెళ్లిపోతున్నట్టు నాకు కళ్లకు కట్టింది.

కానీ మా పద్మతో ఒక చిక్కు వచ్చిపడింది. ఇంటికొచ్చిన మనిషిని తిన్నావా అని అడగాలి, అడగకపోతే తప్పు. ఆ మనిషి ఏ పనిలో ఉన్నా సరే. శ్రావణి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తెరమీద ఎవరితోనో ఇంగ్లిషులో మాట్లాడుతుంటే, పద్మ పళ్లెం పట్టుకుని తలుపు తోసుకుని పోయింది.

"ఏమ్మా, ఉగ్గాని తిందువు రా. బజ్జీ వేడిగుండాది," అని, తెరలోకి తొంగి చూసి, "మీరంతా తిన్యారా?" అని వాళ్లనూ అడిగింది.

ఆ సాయంత్రం శ్రావణి మొహమాటపడుతూ నా దగ్గరికొచ్చింది. "రమణ గారూ, ఏమీ అనుకోకండి. ఎల్లుండి పదకొండింటికి నాకు పెద్ద మీటింగుంది. కొత్త క్లయింటు. ఇక్కణ్ణుంచి చేస్తానంటే మా మేనేజరు ముందు ఒప్పుకోలేదు, బతిమాలుకున్నాను. అది బాగా జరిగితే టీముని పంపిస్తానన్నారు. ఆ గంటసేపూ కొంచెం నిశ్శబ్దంగా ఉంటే చాలండీ."

కొంచెం నిశ్శబ్దం. పాపం ఆ పిల్ల అడిగింది అంతే. పద్మను ఒక గంట వంటింట్లో కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది. కానీ నేను కొంచెంతో సరిపెట్టుకునే మనిషినా? నా గదులు ఉంటాయా శనగల పాలవుతాయా అన్నది ఆ మీటింగు మీద ఆధారపడి ఉంటే!

అప్పుడు మామ ఊళ్లో లేడు. కంటి ఆపరేషనుకని పులివెందులలో ఉన్న చిన్నకూతురింటికి పోయాడు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

మర్నాడు మొదట షామియానాల మస్తాన్ కొట్టుకు పోయాను. మా ముందు గదిలో ఎండ నేరుగా బల్ల మీద పడుతుంది, తెర కనబడదు. అందుకని ఇంటిముందు నీడ కావాలి.

"ఏం కార్యమప్పా?" అన్నాడు మస్తాన్.

"కార్యమేం కాదులే. ఇంటిముందర ఒక షామియానా కావాల."

"కొత్తది ఒగటి వచ్చిండాది. ఎర్రది, పచ్చది కలిపి శానా బాగుంటాది."

ఆ గుడ్డ కింద ఎండ పడితే శ్రావణి ముఖం సగం ఎర్రగా, సగం పచ్చగా కనబడుతుందని నా బుర్రకు తట్టింది. ఆ బుర్రను అప్పట్లో నేను చాలా మెచ్చుకునేవాణ్ణి.

"రంగులు వద్దప్పా. తెల్లదుంటే తెల్లదే ఎయ్యి."

మస్తాన్ నా ముఖంలోకి చూశాడు. "మైకు?"

"మైకేంది సామీ! సద్దే ఉండగూడదు. ఆ పొద్దు కరెంటు తీస్తారంట, జనరేటరు మాత్రం కావాల. అది గూడా వీధి చివర పెట్టించు."

"ఎన్ని గంటలకు?"

"రేపు పదకొండుకు. గంటలో అంతా అయిపోతాది."

మస్తాన్ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. గొంతు తగ్గించి, "దుడ్ల మాట ఇప్పుడెందుకులే. కుర్చీలు గూడా నేనే పంపిస్తా. నువ్వు దైర్యంగుండప్పా," అన్నాడు. కొత్తగా వ్యాపారం చేసుకునేవాడంటే ఈ ఊళ్లో ఎంత అభిమానమో అనుకుంటూ ఇంటికొచ్చాను.

తర్వాత వీధి. ఎదురింట్లో మార్తమ్మ టీచరమ్మ ఉంటుంది. రిటైరైంది, కానీ వీధంతా ఇప్పటికీ ఆమె మాటకు చేతులు కట్టుకునే నిలబడుతుంది. ఒకమ్మాయి కంప్యూటర్ ముందు మాట్లాడుతుంది కాబట్టి మీరంతా నోరు మూసుకోండి అని అంత పెద్దామెతో ఏ ముఖం పెట్టుకుని చెప్పమంటారు? అసలు సంగతి దాచి చెప్పాను. పొద్దుణ్ణుంచీ వైర్లు లాగి లాగి నా కళ్లు ఎర్రబడి ఉన్నాయి. గడ్డం గీసుకోక మూడునాళ్లు.

"టీచరమ్మా, రేపు పొద్దున మా ఇంటికాడ సద్దు ల్యాకుండా సూడమ్మా. కొళాయికాడ గలాటా వద్దని అందరికీ నువ్వే చెప్పాల."

"ఏమైంది నాయనా?"

"ఇప్పుడేం అడగొద్దు. రేపు ఆ గంట బాగా జరిగిపోతే సాలు."

"పద్మ ఎట్లుండాది?"

"దాన్ని వంటింట్లోంచి బయటికి రావొద్దని గట్టిగా చెప్పినా."

"అయ్యో తల్లీ! మరి మీ మామ..." అని ఆమె ఏదో అడగబోయింది. అంతలో లోపల్నుంచి శ్రావణి పిలిచింది. నేను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ పరుగెత్తాను.

మర్నాడు పదకొండింటికి అన్నీ అమరాయి. బయట తెల్ల షామియానా. లోపల శ్రావణి వెనక గోడ పెచ్చులు కనబడకుండా తాడు మీద ఉతికిన తెల్లదుప్పటి. వీధిలో చిన్న సవ్వడి కూడా లేదు. గొర్రెల సుంకన్న మలుపులోనే మందను ఆపి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, మందను వేరే సందులోకి మళ్లించాడు. నేను గర్వంగా మీసం మెలేశాను.

కాసేపటికి మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మస్తాన్ కుర్చీల్లో తలొంచుకుని కూర్చున్నారు. మీటింగు చూడ్డానికి వచ్చారు కాబోలు అనుకున్నాను. తర్వాత మార్తమ్మ బైబిలు పట్టుకుని, చర్చి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు. చివరికి సుంకన్న పూలదండతో వచ్చాడు.

"దండ ఎవరికి సుంకన్నా?" అన్నాను గుసగుసగా.

"ఇంగెవరికి? ఓబులేసన్నకు." అతనూ గుసగుసే. "పులివెందుల నుంచి బండి ఇంకా రాల్యా?"

నేను అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"మామకేం కాల్యా! కంటికి ఆపరేషను చేయించుకోను పోయినాడు, అంతే!"

ఇది గొంతు చించుకుని చెప్పాల్సిన మాట. కానీ తలుపు అవతల మీటింగు జరుగుతోంది. గట్టిగా చెబితే నా గదులు పోతాయి, మెల్లగా చెబితే ఎవరూ నమ్మరు. నేను మెల్లగానే చెప్పాను, చేతులు ఊపుతూ, ఒక్కొక్కరి దగ్గరికీ పోయి.

"పాపం, నమ్మలేకుండాడు," అన్నాడు మస్తాన్.

మార్తమ్మ నా తల నిమిరింది. "ఏడ్సు నాయనా. లోపలే పెట్టుకోవద్దు. నీ మామ నీకు తండ్రి మాదిరి."

సరిగ్గా అప్పుడే బస్టాండు వైపు నుంచి ఒక ఆటో వచ్చి ఇంటిముందు ఆగింది. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఆటోలోంచి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో మందుల సంచితో మా మామ దిగాడు.

మామ తల అటూ ఇటూ తిప్పాడు. తెల్ల షామియానా, కుర్చీలు, పూలదండ, బైబిలు. ఆటో చప్పుడుకు పద్మ వంటింట్లోంచి "నాయనా!" అంటూ ఎదురొచ్చింది. ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు. ఇంట్లో ఉండేది ముగ్గురు. తాను బతికే ఉన్నాడు. కూతురు కళ్లముందే ఉంది.

"అల్లుడా!" అని ఒక్క కేక పెట్టాడు.

"మామా, నేనీడే ఉండా," అన్నాను పక్కనుంచి, అప్పటికీ గుసగుసగానే.

"జరుగప్పా, నా అల్లుణ్ణి సూడనీ!" అని నన్ను పక్కకు తోసేశాడు. ఆపరేషను కన్ను, నల్లద్దాలు, పైగా నాది గుసగుస గొంతు, ఎదుట ఉన్నది ఎవరో ఆయనకేం తెలుసు! మా వైపు ఇంట్లో మనిషి పోతే ముందు గదిలోనే పడుకోబెడతారు. ఆయన నేరుగా ముందు గది తలుపు తోసుకుని పోయాడు. వెనకే నేను, నా వెనక వీధి.

లోపల శ్రావణి చివరి మాటలు చెబుతోంది. మామ ఆమె వెనక వేలాడే తెల్లదుప్పటిని పట్టుకుని లాగాడు. తాడు తెగింది. దుప్పటి మామ మీదా నా మీదా పడింది. దాని కింద ఆయన గుండెలు బాదుకున్నాడు.

"శనగలు పోస్తానన్న మాటకే గుండాగిపోయిందా నాయనా! ఆ గదులు నీవేరా! అన్నీ నువ్వే పెట్టుకో! నాకు శనగలొద్దు, నువ్వు లెయ్యి!"

అంతసేపు బిగబట్టుకున్న వీధి ఒక్కసారిగా గొల్లుమంది. ఎవరి కోసం ఏడుస్తున్నారో వాళ్లకూ తెలియదు. నేను దుప్పటి తొలగించుకుని చూద్దును గదా, తెరమీద చిన్నచిన్న చదరాల్లో ఉన్నవాళ్లంతా లేచి తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. క్లయింటుతో సహా. మేనేజరు తడిగొంతుతో ఇంగ్లిషులో అన్నాడు, "శ్రావణీ, ఇంత కష్టంలో ఉండి కూడా పని చేశావా? వెంటనే సెలవు తీసుకో. ఇంక ఒక్క మాట మాట్లాడొద్దు." తెర ఆరిపోయింది.

మామ దుప్పటి కింద నుంచి చెయ్యి చాపి నా ముఖం తడిమాడు. గడ్డం తగిలింది. ముక్కు తడిమాడు. నేనేనని తేలాక చెంప మీద ఒకటి పీకి, ఆ తర్వాత గట్టిగా పట్టుకుని మళ్లీ ఏడ్చాడు. నేను ఆయన కంటికి శనగ మూట కంటే తక్కువ అనుకుంటూ అన్నాళ్లూ కుళ్లుకున్నాను. ఆ రోజు నాకూ ఏడుపొచ్చింది, సిగ్గుపడను.

శ్రావణి మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "ఇప్పుడు నిజం ఎలా చెప్పనండీ? క్లయింటు ప్రాజెక్టు ఇచ్చేశారు. మా వాళ్లు పరామర్శకు వస్తున్నారు," అంది ఫోను చూసుకుంటూ.

అన్నట్టే శనివారం బెంగళూరు కార్లు మా ఇంటిముందు ఆగాయి. పండ్ల బుట్టలతో, దించిన తలలతో టీమంతా దిగింది. తలుపు తీసింది మామ. మేనేజరు చేతులు జోడించి, వచ్చీరాని తెలుగులో, "చనిపోయింది ఎవరు సార్?" అని మెల్లగా అడిగాడు.

"మొదట నేను," అన్నాడు మామ. తర్వాత నావైపు వేలు చూపించాడు. "నా ఎనకాల ఈడు. లోపలికి రాండి, ఉగ్గాని సల్లారిపోతాది."

వాళ్లు నవ్వు ఆపుకోలేక కూలబడ్డారు. ఆ గదులు అప్పట్నుంచి ఖాళీగా లేవు. మామ మాట తప్పే మనిషి కాదు, వీధి అంతటి ముందూ గదులు నావని ఏడ్చాడు కాబట్టి నావే. శనగలు మాత్రం ఎక్కడికి పోతాయి? మా పడకగదిలో ఉన్నాయి.

ఆ శనివారం రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద మామ పక్కన కూర్చుని, ఆయన తల మీద చెయ్యి పెట్టి, చాలా గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను: "మామా, నీ మీంద ఆన. ఇంగెప్పుడూ ఈ వీధిలో ఎవర్నీ గమ్మునుండమని అడగను. ఎండకు మాడి సచ్చినా తెల్ల షామియానా ఎయ్యను."

మామ కళ్లు మూసుకుని విన్నాడు. ఎదురింటి తలుపు దడాలున తెరుచుకుంది.

"ఓబులేసన్నకు ఏమాయె నాయనా?" అని మార్తమ్మ వీధి అదిరేలా కేకపెట్టింది.