బావమరిది నుదురు

నేను తిరుపతిలో బాక్సింగ్ నేర్పుతాను. నా భార్య తమ్ముడు బెంగుళూరులో ఎంఎంఏ నేర్పుతాడు. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోటీ అది. పలమనేరులో అత్తగారింట్లో ఎప్పుడు కలిసినా ఎవరి విద్య గొప్పదన్న వాదమే మాకు. నేను గొంతు పెంచేవాణ్ని. అతను నవ్వేవాడు.

మొన్న వేసవిలో వరండాలో కూచుని అతని ఫోన్‌లో ఒక పోటీ చూశాం. గ్లవ్స్ లేకుండా ఒట్టి పిడికిళ్లతో కొట్టుకోవడం. ఒకడు బాక్సరు, ఇంకొకడు ఎంఎంఏ వాడు. తన్నకూడదు, కింద పడెయ్యకూడదు. "తన్నులే లేకపోతే మీవాడు ఇంకేం చేస్తాడు?" అన్నాను.

మొదటి రౌండు నేననుకున్నట్టే సాగింది. బాక్సరు దూరం కాచుకుంటూ, అందకుండా తిరుగుతూ కొట్టాడు. రెండో రౌండులో ఎంఎంఏ వాడు దగ్గరికి దూరి, ఒక చేత్తో మెడ పట్టుకుని రెండో చేత్తో గుద్దసాగాడు. మా ఆటలోనైతే రిఫరీ విడదీసేవాడు. అక్కడ విడదీయలేదు. కాసేపటికి బాక్సరు కుడిచేయి వాడటమే మానేశాడు.

"చెయ్యి పోయినట్టుండాది బావా" అన్నాడు బావమరిది. "మీరు లోపల కట్టు కట్టుకొని, పైన పెద్ద గ్లవ్స్ ఏసుకొని యాడబడితే ఆడ గట్టిగా కొడతారు. ఒట్టి చేత్తో అట్ల కొడితే ఎముక ఆగదు. మా గ్లవ్స్ చిన్నవి. చూసుకొని కొట్టేది అలవాటు మాకు."

అతను చెప్పింది నిజం. అయినా పక్కన మామ ఉన్నాడు, నా భార్య ఉంది. ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "వాడికి కొట్టడం చేతకాలేదు. పెరట్లోకి రా, నేను చూపిస్తా" అన్నాను.

"మెల్లగా ఆడుకుందాం బావా" అన్నాడు అతను. సరేనని ఒట్టి చేతులతోనే దిగాను. ఎడమచేత్తో రెండుసార్లు అతని చెంప తాకాను. "బలే!" అన్నాడు మామ. ఆ ఒక్క మాటకే పొంగిపోయాను. ఒప్పందం మరిచి, కుడిచేత్తో బలం కొద్దీ గుద్దాను. అతను వెనక్కి జరగలేదు. గడ్డం దించి నుదురు అడ్డం పెట్టాడు. నా చిటికెన వేలి మొదట్లో ఎండుపుల్ల విరిగినట్టయింది.

మరుక్షణం అతని చేయి నా మెడ మీద ఉంది. ఒక్క గుద్దు చాలు నన్ను పడెయ్యడానికి. కానీ అతను నా చెవి దగ్గర, "ఇరిగిందా బావా?" అని గుసగుసగా అడిగాడు. తలూపాను. అతను నన్ను వదిలి, వెనక్కి తూలి, నేల మీద కూలబడ్డాడు. "అబ్బా! కండ్లు తిరగతాండాయి. నేను ఓడినాను" అన్నాడు అందరికీ వినపడేలా.

నా చేతికి పిండికట్టు పడింది. అతని నుదురు బొప్పి కట్టింది. మర్నాడు ముగ్గురం పాల కేంద్రానికి వెళ్తే, అక్కడి జనం బొప్పిని చూసి, "ఏమప్పా బెంగుళూరు వస్తాదూ, ఒక్క గుద్దుకే పడిపోయినావంట!" అని ఏడిపించారు. అతను తల గోక్కుంటూ నవ్వాడు. మామ పక్కనే నిలబడి నన్ను పొగిడాడు.

ఇంటికొస్తుంటే దారిలో ఆగిపోయాను. "ఓడింది నేను మామా. వాడు కావాలనే పడ్డాడు" అన్నాను.

మామ నా వైపు చూడకుండానే, "తెలుసులేప్పా" అన్నాడు. "నుదుటి మీద గుద్దితే యెవుడన్నా అట్ల కూలబడతాడా? మా వోడు నీ మర్యాద నిలబెట్టల్లని చూసినాడు. నేనెందుకు చెడగొట్టేది?"

"మరి అక్కకు తెలుసా?" అన్నాడు బావమరిది, మామతో.

"అది అప్పుడే కనిపెట్టినాది. నీతో ఏమీ అనొద్దని చెప్పినాది నాకు" అన్నాడు మామ, నాతో.

ఇంట్లో అందరూ కలిసి నన్ను గెలిపించారు. ఆ పూట అన్నం దగ్గర నా భార్య ముద్దలు కలిపి పెడుతుంటే తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను. చారు ఇంకొంచెం పొయ్యమంటావా అని మాత్రం అడిగింది.