సంగటి కట్టె దెబ్బ ఒక్కటే

మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద భవనం లేచి, మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్లు గుంపులుగా దిగిన కొత్తలో, వాళ్ల ఆకలి సంగతి ఆలోచించిన మనిషి ఒక్కతే. కంపెనీలు కంప్యూటర్లు తెచ్చాయి, గాజు తలుపులు తెచ్చాయి, ఏసీలు తెచ్చాయి. అన్నం మాత్రం అనసూయమ్మ పెట్టింది.

తాపీమేస్త్రీ మునిస్వామి భార్యగా కడప జిల్లా నుంచి వచ్చిందామె. భవనం పూర్తయ్యాక కూలీలు తట్టా బుట్టా సర్దుకుని వెళ్లిపోయారు. మునిస్వామి నానక్‌రామ్‌గూడ వైపు పనికి కుదిరాడు. ఆమె మాత్రం కదలనంది. రేకుల కప్పున్న రెండు గదులు కిరాయికి తీసుకుని మెస్సు పెట్టింది. బోర్డు లేదు. తాలింపు వాసన రోడ్డు దాకా వెళ్లేది, దాన్ని పట్టుకుని జనం వచ్చేవాళ్లు.

ఆమె నోరు పెద్దది. చెయ్యి అంతకన్నా పెద్దది. మారు వడ్డన వద్దన్నవాణ్ని, "ఏం, గాలి తిని బతుకుతావా?" అని దులిపేసి మరీ వడ్డించేది. ఆదివారం సంగటి చేసేది. గోదావరి జిల్లాల కుర్రాళ్లు ఆ రాగి ముద్దను మొదటిసారి చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కోడి పులుసులో ముంచి మింగాక మళ్లీ మాట్లాడితే ఒట్టు.

వాళ్లలో ఆదర్శ్ కాకినాడవాడు. అందరూ ఆంటీ అంటుంటే అతనొక్కడే "పిన్నిగారూ" అన్నాడు. ఆ పిలుపుకి ఆమె కరిగిపోయింది. పిల్లలు లేని మనిషి, కరగదూ మరి! అతనికి కామెర్లు వచ్చినప్పుడు వేరే పొయ్యి మీద పథ్యం వండిపెట్టింది. జబ్బు తగ్గాక బోరబండ బజారులో స్టీలు కంచం కొని, దాని మీద అతని పేరు చెక్కించి తెచ్చింది. మెస్సు మొత్తంలో పేరున్న కంచం అదొక్కటే. మిగతా కుర్రాళ్లు దాని మీద ఎన్ని వేళాకోళాలాడినా ఆమె నవ్వి ఊరుకునేది.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం, సంగటి కెలుకుతూ కెలుకుతూ, పెరట్లో కుక్కేదో గిన్నెలు దొర్లిస్తున్నట్టుంటే చేతిలో కట్టెతోనే బయటికి వెళ్లింది. కుక్క కాదు. గోడ పక్కన నక్కి ఉన్న మనిషి ఒక్క ఉదుటున మీదికొచ్చి మెడలో పుస్తెలతాడు పట్టుకుని లాగాడు. తాడు మెడకు కోసుకుపోయి ఊపిరాడలేదు. అనసూయమ్మ కట్టె తిప్పి వాడి భుజం మీద ఒక్కటిచ్చింది. రోజూ సంగటి కెలికే చెయ్యి అది. వాడు బట్టలుతికే బండ మీద బోర్లా పడ్డాడు. లేచేలోపు వీపు మీద మోకాలు ఆనించి కేకేసింది.

కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందు ఆదర్శ్. దండెం తాడు ఆమే విప్పి ఇచ్చింది. వాణ్ని వాకిట్లోని కరెంటు స్తంభానికి కట్టేశారు. దొంగ దొరికితే స్తంభానికి కట్టాలని మన దగ్గర ఎవరూ ఎవరికీ నేర్పరు, పుట్టుకతో వస్తుంది. కట్టేశాక దారినపోయేవాళ్లు కూడా తలో చెయ్యి వేయాలన్నది ఆ వెనకే వస్తుంది.

"ఆదర్శూ, ఎస్టీడీ బూత్‌కు పోయి పోలీసులకు ఫోన్ చెయ్యి నాయనా," అంది అనసూయమ్మ.

అతను వెళ్లాడు, వచ్చాడు. "చెప్పేశానండి పిన్నిగారూ. బయల్దేరారట. మీరెళ్లి పని చూసుకోండి."

ఆమె నమ్మింది. పిన్నిగారూ అన్నవాడి మాట నమ్మక ఎవరి మాట నమ్ముతుంది? పొయ్యి మీద సంగటి ఉండకడుతోంది, లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి వాకిట్లోంచి ఒక అరుపు వినిపించింది. అంతకుముందు వినపడ్డ తిట్లు, దెబ్బలు వేరు. ఇది వేరు. పరుగున వచ్చి చూసేసరికి కట్టేసిన మనిషి తాడుకి వేలాడుతున్నాడు. మోకాలి కింద కాలు ఉండకూడని వైపుకి వంగి ఉంది. కుర్రాళ్లంతా రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డారు. ఆదర్శ్ చేతిలో క్రికెట్ బ్యాటు ఉంది.

"ఎవురు కొట్టినారు?" అంది.

ఆమె తాడు కోసేసి, వాణ్ని కింద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు తాగించింది. పోలీసులు మాత్రం రాలేదు. చివరికి దారినపోయే ఆటోవాడు ఎవరో చెబితే జీపు వచ్చింది. ఎస్సై రామచంద్రం దిగి చూసి, గాయపడ్డవాణ్ని దవాఖానకు పంపించాడు. ఫోన్ చేసి ఇంతసేపైంది కదయ్యా అని అనసూయమ్మ నిలదీస్తే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మాకు ఏ ఫోనూ రాలేదమ్మా."

ఆమె తిరిగి చూసింది. ఆదర్శ్ తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

మర్నాడు దవాఖానకు రమ్మని అనసూయమ్మకూ ఆదర్శ్‌కూ కబురొచ్చింది. దొంగ పేరు నర్సింలు. కాలికి పిండికట్టుతో మంచం మీద ఉన్నాడు. దారిపొడవునా అనసూయమ్మకు ఒకటే బెంగ, ఆదర్శ్ పేరు చెప్పాల్సి వస్తుందేమోనని. చేతిలో బ్యాటు చూసిందంతే, కొట్టడం చూడలేదు. అడిగితే అంతవరకే చెబుదాం, కుర్రవాడి ఉద్యోగం పోతుంది పాపం అనుకుంది. ఆ పాపం అనుకున్నందుకు తరువాత చాలాకాలం తన మీద తనకే కోపం.

ఎస్సై మొదట ఆదర్శ్‌ను అడిగాడు. అతను గొంతు సవరించుకున్నాడు.

"మేమంతా లోపల భోజనం చేస్తున్నామండి. బయట ఏం జరిగిందో మాకు తెలీదు. కర్ర ఆవిడ చేతిలోనే ఉందండి. కట్టేసిన తాడు కూడా ఆవిడదే."

ఆవిడ. నిన్నటిదాకా పిన్నిగారు.

అనసూయమ్మకు కోపం రాలేదు ముందు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. అలాంటివాళ్ల మొహాలు వేరేగా ఉంటాయనుకుంది. ఈ మొహం పథ్యం తినలేనని మారాం చేసిన మొహమే.

"చూడమ్మా," అన్నాడు ఎస్సై. "గొలుసు గుంజుతుంటే కొట్టినవ్, అది నీ హక్కు. పట్టుకునుడు గూడ తప్పు గాదు. గాని దొరికినంక వానితోని నీకేం ఆపద లేదు. అప్పటిసంది ఏసే ప్రతి దెబ్బ నేరమే. వెంటనే మాకు అప్పజెప్పాలె. కట్టేసి, కాలు ఇరగ్గొట్టి, ఫోన్ గూడ చెయ్యలేదంటే దొంగ మీద ఒక కేసు, నీ మీద ఒక కేసు అయితది. జైలు గూడ పడొచ్చు. కాలు ఇరగ్గొట్టింది నువ్వేనా?"

జైలంటే మెస్సు మూతపడ్డట్టే. కొంగు అంచు పిడికిట్లో బిగించి ఆమె నోరు తెరిచింది. అంతలో మంచం మీది మనిషి మాట్లాడాడు.

"ఆ అమ్మ ఒక్కటే కొట్టింది సార్. నేను గొలుసు గుంజినప్పుడు, భుజం మీద. కాలు ఇరగ్గొట్టింది ఈయన. బ్యాటుతోని. పోలీసులు వొస్తే రెండు దినాలల్ల ఇడిసిపెడ్తరు, మనమే బుద్ధి చెప్పాలె అనుకుంట కొట్టిండు. అమ్మ ఒచ్చి నీళ్లు తాగిపిచ్చింది."

మెడలో తాడు లాగినవాడికి ఉన్న నీతి, చేతి అన్నం తిన్నవాడికి లేకపోయింది. అనసూయమ్మకు ఏడుపొచ్చింది, కేసు తప్పిందని కాదు.

"పిన్నిగారూ, మీరు చూడలేదు కదండీ. ఆ మాట చెప్పండి," అన్నాడు ఆదర్శ్, గొంతు తగ్గించి.

ఆమె ఎస్సై వైపు తిరిగింది. "కొట్టేది నేను చూడ్లేదు సారూ. బ్యాటు ఈ అబ్బి చేతిలో చూసినా. పోలీసులకు ఫోన్ చేసినానని నాతో చెప్పింది ఈ అబ్బే. అది నా చెవులారా విన్నా." అంతకు మించి ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట మింగలేదు.

కాలు విరిచిన కేసు ఆదర్శ్ మీద పడింది. బెయిలు వచ్చింది. కొన్నాళ్లు ఎక్కడ తిన్నాడో ఏమో, ఒక ఆదివారం మధ్యాహ్నం చిక్కిపోయిన మొహంతో మెస్సు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలున్న కుర్రాళ్లు తలెత్తి చూశారు. వెళ్లగొడుతుందనే అనుకున్నారందరూ.

"కూర్చో," అంది అనసూయమ్మ. పేరులేని కంచం పెట్టింది. వేడి వేడి సంగటి వేసింది, పులుసు పోసింది, రెండు ముక్కలు ఎక్కువే వేసింది.

"పిన్నిగారూ..." అన్నాడతను.

"తిను నాయనా. ఆకలని వచ్చినోణ్ని పొమ్మనేది మా ఇంటా వంటా లేదు. ఆ పిలుపు మాత్రం ఇంగ వద్దు."

ఆమె పక్కవాడికి వడ్డించడానికి వెళ్లిపోయింది. ఆదర్శ్ తలొంచుకుని తిన్నాడు. సంగటి అయిపోయింది. మజ్జిగ కావాలి. ఆమెను ఏమని పిలిచి అడగాలో తెలియక, ఖాళీ కంచం ముందు అలాగే కూర్చున్నాడు.